కాలు కింద పెట్టనివ్వని కోడలు

మా అత్తగారు భాస్కరమ్మ గారు గేదె పాలు పితికి, తపేలా పట్టుకుని పాకలోంచి వస్తూ పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయారు. నేను వంటింట్లో కాఫీకి నీళ్లు పడేసి పాల కోసం చూస్తున్నాను. "అమ్మాయ్, ఈ తపేలా అందుకో" అన్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ నా చేతికి పాల తపేలా ఇవ్వడం అదే మొదటిసారి. కుడి చెయ్యి ద్వారబంధానికి ఆనించి, ఎడమ కాలు గడప మీదికి ఎత్తబోయారు. కాలు లేవలేదు. "మోకాలు పట్టేసిందే" అన్నారు, అందులో నా తప్పేదో ఉన్నట్టు నా వైపు చూస్తూ.

అప్పటికి ఆవిడకి అరవై ఏడేళ్లు. ద్రాక్షారామానికి నాలుగు మైళ్ల దూరంలో, కాలవ పక్కన ఊరు మాది. కార్తీక సోమవారాలు గుడికి వెళ్లడానికి ఆవిడ బస్సెక్కిన గుర్తు నాకు లేదు. కాలవ గట్టున నడిచి వెళ్లి, ఎండెక్కేసరికి తిరిగొచ్చి, గేదెకి కుడితి పెట్టేవారు. అంతకు ముందు ఏడాది అన్నవరం కొండ మెట్ల దారిన ఎక్కాం. నేను మూడు చోట్ల కూలబడ్డాను. ఆవిడ పై మెట్టు మీద నిలబడి "ఏం పిల్లవే, ఆ కాళ్లు ఎక్కడైనా అరువు తెచ్చుకున్నావా" అని నలుగురూ వినేలా అడిగారు. అది ఆవిడ సరదా. ఆ సరదాలకి నేను ఇరవై రెండేళ్లుగా లోపల్లోపల ఉడుకుతూనే ఉన్నాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ తర్వాత నేను చేసిన సేవలో ఈ ఉడుకు వాటా ఎంతో నాకే సరిగ్గా తెలియదు.

మూడు రోజులు ఆముదం రాసి, జిల్లేడాకు వేడి చేసి కట్టాం. వాపు తగ్గలేదు. రామచంద్రపురంలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి నేనూ మా ఆయనా తీసుకెళ్లాం. ఆయన ఎక్స్‌రే తీయించి, వెలుతురుకి పెట్టి చూశారు. "ఫ్రాక్చర్ ఏమీ లేదండి. ఆస్టియో ఆర్థరైటిస్. జాయింట్ అరిగింది, ఈ వయసుకి మామూలే. ప్రస్తుతం వాపుంది కాబట్టి రెస్ట్ ఇవ్వండి" అన్నారు. కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇచ్చారు. బయట ఇంకా చాలామంది బెంచీల మీద కూర్చుని ఉన్నారు. కంపౌండరు తర్వాతి పేరు పిలిచేశాడు.

తిరుగు బస్సులో మా ఆయన ఆ మాటే పట్టుకున్నారు. "అరిగిందన్నారు కదా. చెప్పు అరిగిందనుకో, అదే చెప్పు వేసుకుని ఇంకా తిరిగితే ఏమవుద్ది? ఉన్నది కూడా పోద్ది. అమ్మని ఇక నడవనివ్వకూడదు" అన్నారు. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట తప్పనిపించలేదు. మా వైపు ఎవరిని కదిపినా మోకాళ్లు అరిగిపోయాయనే అంటారు. ఆ మోకాలి పైన కండ ఉంటుందని, దానికి పని చెబితేనే అది మోకాలి బరువు మోస్తుందని ఎవరూ అనగా నేను వినలేదు. డాక్టరు గారిచ్చిన కాగితాన్ని మా ఆయన మందుల చీటీ అనుకున్నారు. మందులు కొన్నాక మడిచి ఇనప బీరువాలో పెట్టేశారు.

మర్నాటి నుంచి ఆవిడని సావిట్లో పట్టెమంచం మీద కూర్చోబెట్టాం. కాఫీ మంచం దగ్గరికి. టిఫిన్ మంచం దగ్గరికి. వేణ్నీళ్ల బకెట్టూ మంచం దగ్గరికే. వారం తిరక్కుండా వాపు తీసేసింది, నొప్పి తగ్గింది. ఆవిడ మెల్లగా లేచి గేదెల పాక వైపు బయల్దేరారు. నేను పరిగెత్తుకెళ్లి రెక్క పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. "అత్తయ్య గారూ, మీకు దణ్ణం పెడతాను, కూర్చోండి. రేపు మీకేమైనా అయితే ఊళ్లో నన్నంటారు" అన్నాను.

నిజంగానే అంటారు. ముసలావిడ చేత పాలు పితికిస్తోందని, పేడ తీయిస్తోందని అంటారు. మా వైపు నాలుగెకరాలున్న ఇంట్లో అరవై దాటిన మనిషి చీపురు పట్టుకుంటే కోడలి పరువు పోయినట్టే. అదే మనిషి మంచం దిగకపోతే కోడలికి పేరొస్తుంది. ఎదురింటి పాపాయమ్మ గారు రెండో నెలలోనే మొదలుపెట్టారు. "భాస్కరమ్మ గారు పెట్టి పుట్టారండి. సత్యవతి ఆవిడని కాలు కింద పెట్టనివ్వదు" అని. ఆ మాట చెరువు రేవు నుంచి రైసుమిల్లు దాకా తిరిగి నా చెవిన పడినప్పుడల్లా నేను ఇంకో దిండు తెచ్చి ఆవిడ వీపు వెనక పెట్టేదాన్ని.

ఇంకో సంగతి కూడా ఉంది, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆవిడ కూర్చున్నాక ఇల్లు నాదైంది. బొడ్లో దోపుకునే కొట్టుగది తాళాలు, కూర్చుంటే గుచ్చుకుంటున్నాయని ఆవిడే తీసి పక్కన పెట్టారు. నేను తీసుకున్నాను. ఏ పూట ఏం వండాలో ఆవిడని అడగడం మానేశాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని గరిటె పట్టుకుని సావిట్లోకి వెళ్లే పని తప్పింది. ఆవిడ రెస్ట్ తీసుకుంటే నా ప్రాణం హాయిగా ఉంది. దానికి నేనూ ఊరూ కూడా సేవ అనే పేరు పెట్టుకున్నాం.

మూడో నెలలో గేదెని అమ్మేశాం. అది ఉంటే ఆవిడ మనసు అటే పోతోందని మా ఆయన అన్నారు. దాన్ని తోలుకుపోతుంటే ఆవిడ మంచం మీంచే చూశారు. "నన్నెందుకురా ఇలా కూర్చోబెట్టేశారు? నేనేం చేశాన్రా?" అని కొడుకుని అడిగారు. "నీ మంచికేనమ్మా" అన్నారాయన. నేను కాకినాడ నించి మధ్యలో బేసిన్ ఉండే కమోడ్ కుర్చీ తెప్పించాను. మొదటి రోజు ఆవిడ దాని మీద కూర్చోనన్నారు. వెనక వసారా చివర బాత్‌రూమ్ ఉండగా మంచం పక్కన ఆ పనేంటి అని సాయంత్రం దాకా బిగబట్టుకున్నారు. సాయంత్రానికి మంచం మీదే అయిపోయింది. ఆవిడ ఏడుస్తుంటే నేను పక్క బట్టలు మార్చి, "చూశారా, చెబితే వినరు" అన్నాను. ఆ మర్నాటి నుంచి కుర్చీ మీద కూర్చున్నారు.

ఆ తర్వాత ఆవిడ లేస్తానని అడగడం మానేశారు. నేను దాన్ని బుద్ధి రావడం అనుకున్నాను.

ఆరో నెలకి పాదాలు పొంగాయి. ఎనిమిదో నెలకి మంచం మీంచి కుర్చీలోకి మార్చాలన్నా మా ఆయనా నేనూ చెరోపక్క పట్టుకోవాల్సి వచ్చేది. కాలు చాపమంటే చాపలేకపోయేవారు. మోకాలి కింద దిండు పెడితే సుఖంగా ఉందనేవారు, అందుకని రోజంతా దిండు పెట్టి ఉంచేదాన్ని. విరోచనం కావడానికి మందు, నిద్రకి మందు, గ్యాస్‌కి మందు. మనిషి చూపులో చురుకు పోయింది. వచ్చినవాళ్లు "వయసండి" అనేవారు. ఒక్క ఏడాదిలో పదేళ్ల వయసు మీద పడటం ఏంటని నేనూ అడగలేదు, వాళ్లూ అడగలేదు.

పదకొండో నెలలో ఒళ్లు తుడుస్తుంటే వాసనొచ్చింది. పక్కకి తిప్పి చూశాను. నడుం కింద, ఎముక దగ్గర, రూపాయి బిళ్లంత పుండు. చుట్టూ నల్లగా కమిలి ఉంది. నేను రోజూ శుభ్రం చేసే మనిషి ఒంటి మీద అది ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు. రెండు రోజుల్లో చలిజ్వరం వచ్చింది, మాట తడబడింది. నన్ను చూసి "అమ్మా, నన్ను తీసుకుపో" అన్నారు. ఎవరిని అనుకున్నారో. టాక్సీ మాట్లాడుకుని కాకినాడలో ఒక ఆస్పత్రిలో చేర్పించాం.

అక్కడ పన్నెండు రోజులున్నాం. యూరిన్ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. పుండుని బెడ్ సోర్ అన్నారు. కెథీటర్ పెట్టారు, సెలైన్లు ఎక్కించారు. మమ్మల్ని చూసిన పెద్ద డాక్టరు యాభై దాటినావిడ, తెల్లచీర మీద తెల్లకోటు. జ్వరం దిగిన రోజు ఆవిడ దుప్పటి తీసి మా అత్తగారి తొడని రెండు వేళ్లతో పట్టుకున్నారు. చర్మం తప్ప ఏమీ చేతికి రాలేదు. కాలు చాపడానికి ప్రయత్నించారు. సగంలో ఆగిపోయింది, మా అత్తగారు కెవ్వుమన్నారు.

"పక్షవాతం ఏమైనా వచ్చిందా ఈవిడకి?" అని నన్నడిగారు.

"లేదండి. మోకాలు అరుగుదలండి."

"పాత కాగితాలున్నాయా?"

మా ఆయన బీరువాలోంచి తెచ్చిన చీటీ జేబులోంచి తీసి ఇచ్చారు. ఆవిడ చదివి, దాన్ని మా వైపు తిప్పి పట్టుకున్నారు. "ఏం రాశారో చూడండి. రెస్ట్ టూ వీక్స్. తర్వాత క్వాడ్రిసెప్స్ ఎక్సర్‌సైజెస్, అంటే తొడ కండకి వ్యాయామం, డైలీ వాకింగ్. కింద గీత కూడా గీశారు. ఎన్నాళ్లు పడుకోబెట్టారు?"

"పదకొండు నెలలండి."

"ఎవరు చూసుకున్నారు?"

"నేనేనండి. కాలు కింద పెట్టనివ్వలేదండి" అన్నాను. ఆ క్షణంలో కూడా నా గొంతులో కొంచెం గర్వం ఉంది.

"తెలుస్తోంది" అన్నారావిడ. "మోకాలి జబ్బు రెండు వారాలదమ్మా. మిగతాదంతా మీరు చేసిన జబ్బు. దీన్ని డిస్‌యూజ్ అట్రోఫీ అంటాం. వాడక కండ కరిగిపోయింది, మోకాలు వంగి బిగుసుకుంది. ఇలాగే తీసుకెళ్లి ఇలాగే చూసుకోండి, ఏడాది తిరక్కుండా మళ్లీ జ్వరం వస్తుంది. అప్పుడిక నా దగ్గరికి తీసుకురానక్కర్లేదు."

మా ఆయన ఇంటర్ పాసయ్యారు. టూ వీక్స్ అంటే ఆయనకి తెలుసు. చీటీ జేబులో పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. నేను మంచం పక్కన నిలబడి ఆ డాక్టరమ్మ మీద మండిపడ్డాను, ఈవిడకి పిల్లలూ అత్తలూ ఉన్నారో లేదో అనుకున్నాను. తర్వాత స్పాంజి బాత్ చేయిస్తూ ఆ తొడ నేను కూడా రెండు వేళ్లతో పట్టుకుని చూశాను. అన్నవరం మెట్లెక్కిన కాలది. అప్పుడు ఏడ్చాను.

డిశ్చార్జి నాడు ఫిజియోథెరపిస్టు ప్రసాద్ గారికి అప్పగించారు. ముప్పై అయిదేళ్లుంటాయి, గట్టిగా మాట్లాడతారు. వారానికి రెండుసార్లు మోటారు సైకిలు మీద మా ఊరు వచ్చేవారు. రాగానే మోకాలి కింద దిండు తీసి గిరాటేశారు. ఇసుక నింపిన గుడ్డ సంచి మోకాలి మీద పెట్టి, "ఇరవై నిమిషాలుంచాలి, రోజుకి నాలుగుసార్లు. అరుస్తారు. తియ్యకండి" అన్నారు. కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయించారు, లేవడం తేలికవుతుందని. రెండు వారాలకో వరస తీసెయ్యాలి. పూటకి పదిసార్లు ఆవిడ తనంతట తను లేచి కూర్చోవాలి. చివరికి పట్టుకుని నడిచే నాలుగు కాళ్ల వాకర్ ఒకటి తెప్పించి, మంచినీళ్ల బిందె మంచానికి ఆరు అడుగుల దూరంలో స్టూలు మీద పెట్టించారు.

"దాహం వేస్తే లేచి వాకర్ పట్టుకుని వెళ్లి తాగాలి. మీరు అందించకూడదు."

"మరీ అంత నిర్దయగా ఎలాగండి?"

"మీ దయ చూశాం కదండి" అన్నారాయన, సంచి సర్దుకుంటూ.

మొదటి వారం ఇసుక సంచి పెట్టగానే ఆవిడ కేకలు వీధి చివరికి వినబడేవి. మా ఆయన ఆ టైముకి చేలోకి వెళ్లిపోయేవారు. కొడుకుగా చూడలేనన్నారు. కోడలిగా నేను చూడగలను కాబోలు. గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు స్తంభానికి ఆనుకుని నిలబడేదాన్ని. "తియ్యవే, తియ్యవే, నీ కడుపు మాడ" అని తిట్టేవారు. తర్వాత బతిమాలేవారు. ఆ బతిమాలడం కన్నా తిట్లే నయంగా ఉండేవి.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం నీళ్లడిగారు. బిందె చూపించాను. కాసేపాగి మళ్లీ అడిగారు. లేవడానికి ప్రయత్నించి, సగం లేచి, కుర్చీలో పడ్డారు. పెదాలు ఎండిపోయాయి. గంటకి పైగా అయింది. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. అప్పుడే పాపాయమ్మ గారొచ్చారు. ఆవిడ బిందెలో నీళ్లు ముంచి మా అత్తగారి నోటికి అందించి, తల నిమిరి, నా మొహం చూడకుండా వెళ్లిపోయారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది, సత్యవతి అత్తగారికి గుక్కెడు నీళ్లు కూడా పొయ్యకుండా చంపుతోందని. ఆ ఊరే, ఆ నోళ్లే.

ఇక్కడ ఇంకో నిజం. నేను కాదన్నవన్నీ వైద్యం కోసమే కాదన్నానని చెప్పలేను. ఆవిడ "అమ్మాయ్, చెయ్యందియ్యి" అంటే "లేవండి, మీరే లేవగలరు" అనడంలో ఒక్కోసారి నాకు సుఖంగా ఉండేది. ఇరవై రెండేళ్లు ఆవిడ నలుగురిలో అన్న మాటలన్నీ గుర్తుకొచ్చేవి. వైద్యుడే చెయ్యమన్న క్రూరత్వం కదా, తప్పు పట్టేవాళ్లెవరు? చేతులు కట్టుకుని నిలబడటం నాకు బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడు వారాలయ్యేసరికి కుర్చీ కింద ఒక వరస ఇటుకలే మిగిలాయి. ఆవిడ వాకర్ పట్టుకుని బిందె దాకా వెళ్లి తాగుతున్నారు. పుండు మానుతోంది. ప్రసాద్ గారు మొదటిసారి నవ్వి, "ఇంకో నెలలో బాత్‌రూమ్ దాకా తీసుకెళ్దామండి" అన్నారు.

అంతలో కడియం నించి మా ఆడపడుచు నాగమణి దిగింది. ఊళ్లో మాట ఆమె చెవిన పడింది. వచ్చేసరికి మోకాలి మీద ఇసుక సంచి ఉంది, తల్లి ఏడుస్తోంది.

"ఏంటి వదినా ఇది? అమ్మని హింస పెడతావా?"

"డాక్టరు చెప్పిందే చేస్తున్నాను నాగమణీ."

"ఏ డాక్టరు చెప్పాడు నీళ్లివ్వద్దని? కన్నతల్లి అయితే ఇలాగే చేస్తావా?"

కన్నతల్లి అయితే చెయ్యలేకపోయేదాన్ని. మా ఆయన చేలోకి బయల్దేరారు. మా అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని "నన్ను తీసుకుపోవే" అన్నారు. టాక్సీలో పడుకోబెట్టి తీసుకుపోయింది. వాకర్ సావిట్లోనే ఉండిపోయింది, అది అవసరం లేదంది.

అయిదు వారాలు. నాగమణి మనసు మంచిది. నేను మొదట్లో చేసినట్టే, నాకన్నా ప్రేమగా చేసింది. మోకాలి కింద మెత్తటి దిండు పెట్టింది, నోటికి ముద్దలు అందించింది, మనిషిని పెట్టి ఎత్తించింది. అయిదు వారాలు కాగానే ఎస్టీడీ బూత్ నించి ఫోన్ చేసి ఏడ్చింది. "వదినా, పుండు మళ్లీ తిరగబెట్టింది. అమ్మ కూర్చోలేకపోతోంది. నా వల్ల కావట్లేదు, తీసుకొచ్చేస్తాను." నేను ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. అనడానికి నాకేం హక్కుంది, నేను పదకొండు నెలలు చేశాను.

ప్రసాద్ గారు వచ్చి మోకాలు చూశారు. "మొదటికొచ్చాం అని కూడా అనలేనండి. ఇంకా వెనక్కెళ్లాం. ఈ కాలు ఇక పూర్తిగా చాపలేరు. నడిస్తే కుంటుతూ నడవాలి. వాకర్ జీవితాంతం ఉండాలి" అన్నారు. మా అత్తగారు విన్నారు. "నన్ను పాడెక్కించెయ్యండ్రా" అని గోడ వైపు తిరిగారు.

మళ్లీ ఇసుక సంచి, మళ్లీ ఇటుకలు, మళ్లీ బిందె. ఈసారి ఆవిడ అరవలేదు, బతిమాలలేదు. కళ్లు మూసుకుని నా పేరు పెట్టి తిట్టేవారు, నెమ్మదిగా, జపం చేసుకుంటున్నట్టు. మూడు నెలలు పట్టింది.

ఒక రోజు పొద్దున్న ఆవిడ నన్ను పిలవకుండానే వాకర్ అందుకుని లేచారు. నేను వంటింట్లోంచి చూశాను. మంచం నించి వెనక వసారా చివర బాత్‌రూమ్‌కి ఆవిడ అడుగులు పద్నాలుగు పడతాయి. కుంటుకుంటూ పది వేశారు. అక్కడ నిలబడిపోయారు. చీర కుచ్చెళ్ల కింద నేల తడిసింది, తర్వాత అంతకన్నా ఎక్కువే అయింది. తల తిప్పి నన్ను చూశారు.

"చూసి సంతోషించావా?" అన్నారు.

పరిగెత్తుకెళ్లి పట్టుకోవాలని ఉంది. పట్టుకుంటే ఆవిడ మళ్లీ మంచం మీదికే పోతారు, ఇక లేవరు. అది నాకు తెలుసు. నేను కదల్లేదు. "ఇంకా నాలుగడుగులుంది. నడవండి" అన్నాను.

ఆవిడ ఆ తడి చీరతోనే నాలుగడుగులూ నడిచారు. లోపలికెళ్లి తలుపు వేసుకున్నారు. ఏడాదిన్నర తర్వాత ఆవిడ మూసుకున్న మొదటి తలుపు అది. నేను వసారా కడిగాను. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ రోజు నుంచి కమోడ్ కుర్చీ అటక మీదికి పోయింది. ఆ రోజు నుంచే ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. నాలుగు నెలలు ఒక్క మాట లేదు. తర్వాత కూడా "ఉప్పు", "టవలు", "ఎవరో వచ్చారు" లాంటివే, లేదంటే తిట్లు.

ఇప్పుడు ఆవిడకి డెబ్బై నాలుగు. వాకర్‌తో వీధరుగు దాకా వస్తారు, స్నానం తనే చేసుకుంటారు, బట్టలు తనే కట్టుకుంటారు. పుండు మళ్లీ రాలేదు. కుడికాలి కన్నా ఎడమకాలు పొట్టిగా కనిపిస్తుంది, చాపలేరు కాబట్టి. ఈసారి కార్తీకంలో ఆటోలో ద్రాక్షారామం తీసుకెళ్తే గుడి గడప దాటడానికి చాలాసేపు పట్టింది. పక్కన నేనున్నా నా భుజం పట్టుకోలేదు.

పోయిన నెల పక్క వీధిలోంచి ఒకావిడ వాళ్ల అత్తగారి మోకాళ్ల గురించి అడగడానికి వచ్చింది. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. సావిట్లో ఆమె "ఏం మందు వాడారండి, ఇంత బాగా తిరుగుతున్నారు" అని అడిగింది. మా అత్తగారు అన్నారు: "మందేంటమ్మా. మళ్లీ దాని చేతిలో పడకూడదని నడుస్తున్నాను." గొంతు తగ్గించలేదు. నేను వినాలనే అన్నారేమో కూడా. కాఫీ గ్లాసులు పట్టుకుని నేను వంటింట్లోనే నిలబడిపోయాను. బాధ పడ్డాను. చాలా బాధ పడ్డాను. ఆవిడ అన్న దాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

ఆ వచ్చినావిడకి గుమ్మం దగ్గర చెప్పిన మాటే మీకూ చెబుతాను. డాక్టరు రెస్ట్ అన్నప్పుడు లేచి వచ్చెయ్యకండి. కుర్చీలోనే కూర్చుని, "ఎన్నాళ్లండి? ఆ తర్వాత ఏ రోజు నుంచి ఏం చేయించాలి?" అని అడగండి. తెలుగులో, పెద్దక్షరాలతో రాయించుకోండి. ఇంటికొచ్చి మంచం ఎదురుగా గోడకి అంటించండి. ఆ తేదీ వచ్చిన రోజు మీ చెయ్యి వెనక్కి తీసుకోండి. మీ పెద్దవాళ్లు తిడతారు. పడండి. మా అత్తగారు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు, బాత్‌రూమ్‌కి తన కాళ్ల మీద తను నడిచి వెళ్తూ.